పన్నెండో కుర్చీ

రాయప్ప ఫాదర్ ఈ ఏడు నుంచి ఎడమచేత్తో బోర్డు మీద రాస్తున్నారు. అంకెలు వంకరటింకరగా వస్తున్నాయి, త్రిభుజాలు కూలబోయే గోడల్లా ఉంటున్నాయి. కొత్త పిల్లలు నవ్వుకుంటున్నారట. నవ్వనివ్వండి. ఆయన కుడిచెయ్యి పనిచేసిన రోజుల్లో ఆ గదిలో నవ్వే ధైర్యం ఎవడికీ ఉండేది కాదు.

నా పేరు స్వర్ణలత. దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఎల్బీనగర్ చౌరస్తా రాకముందే కర్మన్‌ఘాట్ వైపు తిరిగితే ఒక కాలనీలో చర్చి, దాని ఆవరణలోనే స్కూలు ఉన్నాయి. రిటైరయ్యేదాకా అక్కడే తెలుగు చెప్పాను. మాది దేవరకొండ పక్క పల్లె. మా ఇంట్లో యాదగిరి నరసన్న తప్ప వేరే దేవుడు లేడు. కాబట్టి ఫాదర్‌ను పొగిడి నేను సంపాదించుకునే మోక్షం ఏమీ లేదు. తిట్టవలసి వచ్చినప్పుడు ఆయన మొహం మీదే తిట్టాను.

ఆయనది పల్నాడులో మిరప పండే ఊరు. ఊరంతా కతోలికులే, ఊరంతా రెండు పార్టీలే. ఆదివారం ఒకే పీఠం ముందు మోకరించినవాళ్ళు సోమవారం గడ్డివాముల్లో నాటుబాంబులు దాచుకునేవారట. ఫాదర్ తండ్రి ఒక గట్టు తగాదాలో అవతలి పార్టీ మనిషి చెయ్యి గొడ్డలితో నరికాడు. మరుసటి పంటకాలంలో వాళ్ళు ఆయన్ని మిరపచేలోనే నరికి చంపారు. అన్నం క్యారియర్ పట్టుకుని చేనుకి వెళ్ళిన పిల్లాడు అది కళ్ళారా చూశాడు. నరికినవాడు ఎవరో కాదు, ఆ పిల్లాడి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డ మనిషి. కత్తి మిరపచెట్ల ఆకులకు తుడుచుకుంటూ "ఇంటికి పోరా రాయప్పా, మీ అమ్మని పిలుచుకురా" అన్నాడట.

తల్లి ఇంక ఆ ఊళ్ళో కొడుకుని ఉంచలేదు. గుంటూరు బస్సెక్కించి, ఫాదర్లను తయారుచేసే సెమినరీలో వదిలేసింది. "నీ చెయ్యి లేచిన రోజున నేను చచ్చాననుకో" అని చెప్పి వెళ్ళిపోయిందట. "దేవుడు పిలిస్తే నేను వెళ్ళలేదు టీచర్. మా అమ్మ తోసింది. పిలుపు చాలా ఏళ్ళకి వినబడింది" అనేవారు ఆయన.

తల్లి మాట ఆయన సగమే నిలబెట్టుకున్నారు. పెద్దవాళ్ళ మీద లేవని చెయ్యి పిల్లల మీద లేచేది. పిల్లల్ని కొట్టడం కొట్టడం కిందికి రాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనొక్కడిదే కాదు. తల్లిదండ్రులే పిల్లల చెయ్యి పట్టి తెచ్చి, "తోలు మీది, బొక్కలు మావి ఫాదర్" అని నవ్వుతూ అప్పజెప్పి పోయేవారు.

తొమ్మిదో తరగతిలో ప్రణీత్ అని ఒక పిల్లాడుండేవాడు. తండ్రి నర్సింహ ఇక్కడి పాత ఊళ్ళ రైతు. పొలాలు ప్లాట్లయ్యాక రియల్ ఎస్టేట్‌లో దిగి, బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాటలో చివరిదాకా నిలబడేంత పైకొచ్చాడు. కొడుక్కి విమానాల పిచ్చి. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు మా స్కూలు మీదుగానే చక్కర్లు కొట్టేవారు. ఆ మోత వినగానే వీడి తల కిటికీ వైపు తిరిగేది. ఆ రోజు ఫాదర్ బోర్డు మీద ఒక సిద్ధాంతం నిరూపిస్తున్నారు. "ప్రణీత్" అని పిలిచారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచిన గొంతు విని పక్క గదిలో నేను పాఠం ఆపేశాను. ఆ వెంటనే దెబ్బ చప్పుడు వచ్చింది.

నేను వెళ్ళేసరికి పిల్లాడు బెంచీకి, గోడకి మధ్య పడి ఉన్నాడు. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదుగా తెల్లచొక్కా కాలర్‌లోకి కారుతోంది. ఫాదర్ ఇంకా కోపంలోనే ఉన్నారు. "పిలిస్తే వినబడదా?" అని అరుస్తున్నారు. పిల్లాడు నోరు తెరుచుకుని ఆయన పెదవులనే చూస్తున్నాడు. వాడికి నిజంగానే వినబడటం లేదు. అది నాకు ముందు అర్థమైంది, ఆయనకు తర్వాత. అర్థమయ్యాక పిల్లాణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తి, దొరికిన ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు.

చెవిలో పొర చిరిగింది. తర్వాత చీము పట్టింది. ఆపరేషన్ చేశారు, అదీ పనిచేయలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఒక చెవితో బతకొచ్చులే అన్నారు కొందరు. బతకొచ్చు. కానీ ఒక చెవితో వినేవాడికి చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. తర్వాత ఒకసారి వాణ్ణి రోడ్డు మీద చూశాను. నెత్తిమీద విమానం పోతుంటే వాడు ఆకాశమంతా తప్పు దిక్కుల్లో వెతుకుతున్నాడు. వాడికి దొరికేలోపు అది వెళ్ళిపోయింది.

నర్సింహ ఊరుకునే మనిషా? జీపుల్లో మనుషుల్ని ఎక్కించుకుని పొద్దున ప్రార్థన వేళకే దిగాడు. ముందు కిటికీల అద్దాలు పగిలాయి. పిల్లలు వరుసల్లో నిలబడి చూస్తుండగా ఫాదర్‌ను మెట్ల మీంచి కాలర్ పట్టి లాగారు.

"ఏ చెయ్యితోని కొట్టినవ్ నా కొడుకుని?" అన్నాడు నర్సింహ.

ఫాదర్ కుడిచెయ్యి చూపించారు. బ్యాట్‌తో మోకాళ్ళ మీద కొట్టి కూల్చారు. పడ్డాక పక్కటెముకల్లో తన్నారు. నేను అడ్డం వెళ్తే ఒకడు తోసేశాడు, నా గాజులు పగిలి ముంజేతిలో దిగాయి. ఫాదర్ ఆ చేతులతో ఇద్దరు ముగ్గుర్ని మట్టి కరిపించగలరు. ఒక్క వేలు ఎత్తలేదు.

"నా పోరని చెవి నాకు తెచ్చియ్యి! తెచ్చియ్యి ఫాదర్!" అని నర్సింహ ఆయన ఛాతీ మీద గుద్దుతూ అరిచాడు. గుద్దుతూ గుద్దుతూ ఏడ్చాడు.

పోలీసులొచ్చి అడిగితే ఫాదర్ "మెట్ల మీంచి పడ్డాను" అన్నారు. బిషప్పుగారు వేరే ఊరికి పంపిస్తానంటే, కొట్టిన చోటే ఉంటానని బతిమాలుకున్నారు. పక్కటెముకలు అతుక్కుని మళ్ళీ క్లాసుకొచ్చినప్పుడు, తెల్లంగీ మీది నడికట్టులో కుడిచేతి మణికట్టు దూర్చుకుని వచ్చారు. రాసేటప్పుడు తీసేవారు. రాయడం అయిపోయి పిల్లల వైపు తిరిగేముందు మళ్ళీ దూర్చుకునేవారు. పీఠం దగ్గర పూజ చేసేటప్పుడు తప్ప, ఆ చెయ్యి ఊరికే వేలాడటం నేను మళ్ళీ చూడలేదు.

"పేరు మంచిదే పెట్టారు నాకు" అన్నారొకసారి. "ప్రభువు శిష్యుల్లో ఆ మొదటి రాయప్ప కూడా కోపంలో ఒకడి చెవి నరికాడు టీచర్. ప్రభువు పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ చెవి అతికింది."

ఇక కుర్చీ సంగతి. ఏసుప్రభువు చనిపోయే ముందు రోజు తన పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగాడట. అందుకని ఏటా గుడ్ ఫ్రైడే ముందటి గురువారం సాయంత్రం చర్చిలో పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, ఫాదర్ మోకాళ్ళ మీద వంగి వాళ్ళ కాళ్ళు కడిగి, తువ్వాలుతో తుడిచి, ముద్దుపెట్టుకుంటారు. ఆ దెబ్బ తర్వాత మొదటి గురువారానికి ఫాదర్ పదకొండుమందినే పిలిచారు. పన్నెండో కుర్చీ ఖాళీగా వేయించారు. అది ప్రణీత్‌ది.

ఆ మాట చెప్పడానికే ఆ ముందు రోజు నర్సింహ ఇంటికి వెళ్ళారు. "నీ కోసం పన్నెండో కుర్చీ వేసి ఉంచుతాను బాబూ, వచ్చి కూర్చో, నీ కాళ్ళు కడుగుతాను" అని తండ్రి ఎదుటే గట్టిగా చెప్పారు. నర్సింహ కుక్కని వదిలాడు. పిక్కలో కండ ఊడొచ్చింది. కుట్లు వేయించుకుని మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. ఈసారి నర్సింహ మనుషులు కొట్టి పంపారు. ఆ పై ఏడూ వెళ్ళారు. చచ్చేలోపు ఆ పిల్లాడి కాళ్ళు కడగాలి, మళ్ళీ ఎవరి మీదా చెయ్యి లేవకూడదు. ఆయనకు ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ప్రణీత్ పెద్దవాడై, మీసాలొచ్చి, తండ్రి వ్యాపారంలోకి దిగాక, వాడే గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఒక ఏడు నేనూ తోడు వెళ్ళాను. వాడు మెల్లగా నడిచొచ్చి, తల పక్కకు తిప్పి, ఎడమ చెవి గేటు ఊచలకు ఆనించాడు.

"చెప్పు ఫాదర్. ఇటు చెప్పు."

ఆ చెవిటి చెవిలోనే ఫాదర్ చెప్పుకున్నారు. "తప్పు చేశాను బాబూ. నన్ను క్షమించు. నీ కుర్చీ ఖాళీగానే ఉంది."

"ఏమన్నవ్? ఇనవడతలే" అని నవ్వి వాడు లోపలికి పోయాడు. అంత దగ్గర్లో రెండో చెవికి వినబడకుండా ఎలా ఉంటుంది? విన్నాడు, వినలేదన్నాడు. తిరిగొస్తుంటే నాకు ఒళ్ళు మండింది. "గా రెండో దిక్కు పోయి చెప్పొచ్చు గద ఫాదర్, ఎందుకు గిట్ల పడుడు?" అన్నాను.

"తిప్పితే అతనే తిప్పాలండీ. నేను తిప్పకూడదు" అన్నారు ఆయన.

ఇంతవరకూ బాగానే ఉంది. పాడు చేసింది చర్చివాళ్ళు. పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు యూదా, గురువును పట్టిచ్చిన ద్రోహి. ఖాళీ కుర్చీ చూసి జనం ఏమనుకుంటారు? చర్చిలో మతపాఠాలు చెప్పే ఉపదేశి జానయ్య అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు. "గది యూదాగాని కుర్చీ బిడ్డా. మన ఫాదర్ మస్తు జ్ఞాని. ద్రోహికి జాగ లేదని సూపిస్తుండు." ఇంకేముంది? ఏడాదికేడాది అది ముదిరింది. ఆడవాళ్ళు ఆ కుర్చీకి కొంగు తగలకుండా తప్పుకునేవారు. పిల్లలు పూజ అయ్యాక దాన్ని ఒక్కో తన్ను తన్ని పోయేవారు. ఒక ముసలమ్మ దాని మీద ఉమ్మేసింది కూడా.

నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసి అడిగాను. "ఎవల కుర్చీయో చెప్పుర్రి ఫాదర్. అడగందే అమ్మన్న పెట్టదు, చెప్పంది ఊరికెట్ల తెలుస్తది?"

"చెబితే అతని పేరు చెప్పాలండీ. ఫాదర్ చేత చెవి పోగొట్టుకున్నవాడు వీడే అని ఊరంతా చూస్తుంది. వద్దు. యూదా అనుకుంటే అనుకోనివ్వండి, చచ్చినవాడికి పోయేదేముంది?"

"బతికున్నోనికి పోతది" అన్నాను. ఆయన వినలేదు. మంచివాళ్ళ మొండితనం ఉంది చూశారా, దానికి మందు లేదు.

పోయిన ఏడు గురువారం పూజయ్యాక ఎవరో కుర్రాళ్ళు ఫోన్లో వీడియో తీశారు. పిల్లలు వరుసగా వచ్చి పన్నెండో కుర్చీని తన్నడం, జానయ్య పక్కన నిలబడి "యూదాగాని కుర్చీ" అని చెప్పడం, అంతా ఉంది. అది తిరిగి తిరిగి ఈ ఏడు గురువారం నాటికి ప్రణీత్ చేతికొచ్చింది. ఆ కుర్చీ తనదని వాడికి తెలుసు. ఇన్నేళ్ళూ ఫాదర్ ఇంటికొచ్చి పిలిచింది ఇందుకా అనుకున్నాడు.

ఆ సాయంత్రం చర్చి నిండిపోయింది. రిటైరైనా నేను కూడా స్టాఫుతో పాటు ముందు వరసలో ఉన్నాను. ఫాదర్ పై వస్త్రం తీసేసి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కొక్కరి కాళ్ళు కడుగుతూ వచ్చారు. పదకొండోవాడు వినయ్, బాటసింగారం మార్కెట్‌కు మామిడికాయల లారీ నడుపుతాడు, గుండెలున్న కుర్రాడు. వినయ్ పాదం ఫాదర్ చేతిలో ఉండగా పక్క తలుపు ధడాలున తెరుచుకుంది.

ప్రణీత్, ఇద్దరు స్నేహితులు. ప్రణీత్ చేతిలో ఇనుప రాడ్డు ఉంది. మొదటి దెబ్బ నీళ్ళ పళ్ళానికి తగిలింది. పళ్ళెం మోగుకుంటూ బండల మీద దొర్లింది.

"గిదేనా నా కుర్చీ? ఏండ్ల సంది మా ఇంటిచుట్టు తిరిగింది గిందుకేనా? యూదాగాని కుర్చీల కూసోవెట్టి పదిమందిల నా ఇజ్జత్ తీద్దామనేనా?"

ఫాదర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. జానయ్య వైపు చూశారు. జానయ్య తల దించుకున్నాడు. "బాబూ, అది కాదు" అంటూ ఫాదర్ లేవబోతే రాడ్డు భుజం మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"ఏ చెయ్యితోని కొట్టినవ్? గా చెయ్యి పెట్టు."

తండ్రి అడిగిన మాటే. ఫాదర్ కుడిచెయ్యి చాచి పన్నెండో కుర్చీ మీద అరచెయ్యి పైకి పెట్టారు. రాడ్డు దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు చివరి వరసదాకా వినబడింది. మళ్ళీ దిగింది. వేళ్ళు వేళ్ళలా లేవు. కుర్చీ మీంచి రక్తం బొట్లుగా కింద పడుతోంది. ఫాదర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు లేచారు జనం. స్నేహితులిద్దరూ దొరికిన తలుపులోంచి పరారయ్యారు. ప్రణీత్‌ను జుట్టు పట్టి కింద పడేశారు. కుర్చీలతో కొట్టారు, ఇత్తడి కొవ్వొత్తి స్తంభంతో వీపు మీద కొట్టారు, మొహం మీద తొక్కారు. అంతసేపూ ఆమెన్ అన్న నోళ్ళే, "యూదాగాడు దొరికిండు, సంపుర్రి!" అని అరిచాయి. ప్రణీత్ నోట్లోంచి పళ్ళు ఊడి రక్తంతో పాటు బయటికొచ్చాయి. ఎటునుంచి దెబ్బ వస్తోందో వాడికి తెలియడం లేదు. తల ఒక దిక్కు తిప్పుతాడు, తన్ను ఇంకో దిక్కు నుంచి పడుతుంది.

ఫాదర్ పాకుతూ వచ్చి వాడి మీద పడ్డారు. ఆయన వీపు మీద కూడా తన్నులు పడ్డాయి, తన సొంత జనం తన్నులు. వినయ్ రాడ్డు అందుకున్నాడు. ప్రణీత్ తల కుడివైపు, ఆ మిగిలిన ఒక్క చెవి మీదికి గురిపెట్టి రెండు చేతులా ఎత్తాడు. "వద్దురా" అని ఫాదర్ అరిచారు. వినయ్‌కు ఆ అరుపు ఎక్కలేదు. రాడ్డు దిగబోతోంది.

ఫాదర్ లేచి నిలబడి ఎడమచేత్తో వినయ్ చెంప మీద ఛెళ్ళున కొట్టారు.

రాడ్డు కింద పడింది. చర్చి మొత్తం బిగుసుకుపోయింది. అందరికంటే ఎక్కువ అదిరిపోయింది ఫాదరే. వినయ్ మొహం ఎడమచేత్తో పట్టుకుని, ఆ చెవిలోకి చూస్తూ, "వినబడుతోందా? నాయనా, వినబడుతోందా?" అని అడిగారు. ఆయన గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది.

"ఇనవడుతుంది ఫాదర్" అన్నాడు వినయ్. అని కూలబడి భోరున ఏడ్చాడు.

ఫాదర్ జనం వైపు తిరిగారు. "ఇది యూదా కుర్చీ కాదు. నా చేత్తో నేను చెవి పోగొట్టిన పిల్లవాడిది. నేను నోరు విప్పి చెప్పలేదు, మీరు తన్నారు. ఈ గుడిలో యూదా ఎవరైనా ఉంటే అది నేనే" అన్నారు. జానయ్య గోడకు ఆనుకుని గుండెలు బాదుకుంటున్నాడు.

ప్రణీత్ పన్నెండో కుర్చీ కాలికి ఆనుకుని కూర్చున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. కుడి చెవి మీద నెత్తురు కమ్మి ఉంది, అది అతనిదో ఫాదర్‌దో తెలియదు. ఆ చెవి కూడా పోయిందేమో అనుకున్నాను. ఫాదర్ మోకాళ్ళ మీద అతని దగ్గరికి జరిగారు. అలవాటు కొద్దీ ఎడమ పక్కకే వంగారు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ చెవిటి చెవిలో "తప్పు చేశాను బాబూ. నన్ను క్షమించు" అన్నారు.

ప్రణీత్ చొక్కా చేత్తో కుడి చెవి మీది నెత్తురు తుడుచుకుని, మెల్లగా తల తిప్పి, ఆ చెవి ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"ఇటు చెప్పు" అన్నాడు.

ఇన్నేళ్ళూ గేటు బయట తడుముకోకుండా చెప్పిన మాట ఇప్పుడు ఫాదర్‌కు రాలేదు. మొదలుపెట్టారు, ఆగారు, మళ్ళీ మొదలుపెట్టారు. చెప్పడం పూర్తయ్యేదాకా ప్రణీత్ తల అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఇన్న" అన్నాడు చివరికి. క్షమించానని అనలేదు. విన్నానన్నాడు.

దొర్లిపోయిన పళ్ళెం నేనే వెతికి తెచ్చాను. బయట కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి ఫాదర్ ముందు పెట్టి, ప్రణీత్ చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. ఫాదర్‌కు కుడిచెయ్యి లేవడం లేదు. ఎడమచేత్తో ఆ పాదాలు ఒక్కొక్కటీ పళ్ళెంలోకి దించుకున్నారు.